లైన్ 24 గంటలూ పట్టుకుంటే నేరమా? డయల్‌అప్ మోడెం నుంచి మీ ఇంటి వైఫై దాకా

(వీడియో ఎపిసోడ్‌కి అక్షర రూపం)

ఈ ఎపిసోడ్‌కి కారణం మన పాల్వంచ తమ్ముడు ఒకరు పంపిన మెసేజ్. చదువుతా వినండి. "అన్నా, మా ఇంట్లో అటక మీద పాత మోడెం ఒకటి దొరికింది. అప్పట్లో మా నాన్న ల్యాండ్‌లైన్‌కి దాన్ని తగిలించి గంటలు గంటలు నెట్ ఆన్‌లో ఉంచేవాడట. ఫోన్ లైన్ అలా పట్టుకుని ఉంటే ఇల్లీగల్, కేసు పెడతారు అని ఎవరో భయపెడితే మానేశాడట. అది నిజంగా ఇల్లీగలేనా? ఇంకోటి, ఇప్పుడు మా ఫైబర్ కనెక్షన్‌ని పక్క మూడు ఇళ్ళకి ఇచ్చి నెలకి కొంత తీసుకుందాం అనుకుంటున్నా. అది కూడా ఇల్లీగలేనా?"

రెండూ వేరే వేరే ప్రశ్నల్లా ఉన్నాయి కానీ ఒకటే ప్రశ్న. ముందు జవాబు చెప్పేస్తా, తర్వాత ఎందుకో చూద్దాం. నాన్నగారు చేసింది నేరం కాదు. తమ్ముడు చేయబోయేది మాత్రం, ఆ పద్ధతిలో చేస్తే, ఇబ్బందే. వినడానికి తలకిందులుగా ఉంది కదా? 24 గంటలు లైన్ పట్టుకున్నాయన తప్పించుకున్నాడు, పక్కింటికి కాస్త నెట్ ఇచ్చేవాడు దొరికిపోతున్నాడు.

మీలో చాలామంది డయల్‌అప్ చూసి ఉండరు, అందుకని కొంచెం చెబుతా. ఇప్పుడు నెట్ అంటే ఎప్పుడూ ఉండేది. అప్పుడు నెట్ అంటే ఒక ఫోన్ కాల్. నిజంగా కాలే. కంప్యూటర్ ఒక నంబర్‌కి డయల్ చేస్తుంది, అవతల ఇంకో మోడెం ఎత్తుతుంది, రెండూ కీచుమని అరుచుకుంటాయి, ఆ అరుపుల్లోనే డేటా వెళ్తుంది. ఫోన్ లైన్ మనిషి గొంతు కోసం చేసింది. సుమారు 300 నుంచి 3400 హెర్ట్జ్ దాకా ఉన్న శబ్దాన్నే మోస్తుంది. ఆ ఇరుకు సందులోంచే డేటా దూరాలి కాబట్టి స్పీడు 33.6 కేబీపీఎస్, చివరికొచ్చేసరికి 56. లెక్క వేయండి. 33.6 స్పీడుతో, ఒక్క సెకను కూడా ఆగకుండా 24 గంటలు నడిపితే వచ్చేది సుమారు 360 ఎంబీ. మీ రోజువారీ ప్యాక్ 1.5 జీబీ అనుకుంటే అందులో నాలుగో వంతు! దానికోసం ఇంట్లో ఫోన్ రోజంతా ఎంగేజ్. అత్తయ్య ఫోన్ చేసినా కలవదు, చావు కబురు వచ్చినా కలవదు.

మరి అలా ఎంతసేపైనా పట్టుకోవచ్చా? పట్టుకోవచ్చు, బిల్లు కట్టగలిగితే. చాలా వెనక్కి వెళ్తే లోకల్ కాల్‌కి టైమ్ లెక్క ఉండేది కాదు, ఎంతసేపు మాట్లాడినా ఒకటే యూనిట్. తర్వాత అయిదు నిమిషాలకో యూనిట్ అన్నారు. 1999 టారిఫ్ ఆర్డర్‌తో అది మూడు నిమిషాలైంది. దీన్నే పల్స్ అనేవాళ్ళు. మూడు నిమిషాలకో పల్స్ అంటే గంటకి 20, రోజుకి 480, ముప్పై రోజులకి 14,400. ఎక్కువ వాడేవాళ్ళకి యూనిట్ రూపాయి ఇరవై పైసలు. అంటే నెల మొత్తం లైన్ వదలకుండా ఉంటే 17,280 రూపాయలు. ఫోన్ బిల్లు మాత్రమే! ఇంటర్నెట్ గంటల ప్యాక్ వేరేగా కొనాలి. అప్పట్లో చాలామందికి అది నెల జీతం కంటే ఎక్కువ. కాబట్టి సామాన్యుడు రోజంతా లైన్ పట్టుకోకుండా ఆపింది పోలీసు కాదు, పల్స్ మీటర్.

అయితే ఆ "ఇల్లీగల్" అనే మాట గాల్లోంచి పుట్టలేదు. దాని వెనక నిజమైన సమస్య ఒకటి ఉంది, అది ఎక్స్ఛేంజ్‌లో ఉంది.

మీ ఇంటి నుంచి ఎక్స్ఛేంజ్ దాకా వచ్చే రాగి తీగ జత మీ ఒక్కరిదే. కానీ ఎక్స్ఛేంజ్ లోపల, ఒకళ్ళని ఇంకొకళ్ళతో కలిపే దారులు అందరివీ. వెయ్యి మంది చందాదారులు ఉంటే వెయ్యి దారులు పెట్టరు. అందరూ ఒకేసారి మాట్లాడరు కదా. ఎన్ని పెడితే సరిపోతుందో లెక్క కట్టడానికి డెన్మార్క్ లెక్కల మాస్టారు ఎర్లాంగ్ 1917లోనే సూత్రం రాసిపెట్టాడు. కోపెన్‌హాగన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేసేవాడాయన. ఈ రోజుకీ ఫోన్ ట్రాఫిక్‌ని ఆయన పేరుతోనే కొలుస్తారు. ఒక దారి గంటసేపు పూర్తిగా నిండి ఉంటే ఒక ఎర్లాంగ్. ఒక ఇంటి ఫోన్ రద్దీ గంటలో ఆరు నిమిషాలు వాడుకలో ఉందనుకుంటే 0.1 ఎర్లాంగ్. ఇప్పుడు ఒకాయన మోడెం పెట్టి లైన్ వదలకుండా కూర్చుంటే ఆయన ఒక్కడే పూర్తి ఎర్లాంగ్, అంటే పది ఇళ్ళ వాటా.

పాల్వంచలో భద్రాచలం బస్సు ఆగగానే కిటికీలోంచి సీటు మీద కర్చీఫ్ వేస్తారు చూడండి, అలాంటిదే. ఒకరిద్దరు వేస్తే సర్దుకుపోతాం. ఇరవై మంది కర్చీఫ్‌లు వేసి దిగకుండా కూర్చుంటే స్టాపులో మిగతావాళ్ళంతా నిలబడాల్సిందే. ఎక్స్ఛేంజ్‌లో నిలబడటం అంటే ఫోన్ ఎత్తితే డయల్ టోన్ రాకపోవడం. పక్కవీధిలో ఎవరికో గుండెనొప్పి వచ్చి అంబులెన్స్‌కి ఫోన్ చేయాలన్నా దారి ఖాళీ ఉండదు. అందుకే లైన్ పట్టుకుని కూర్చునేవాళ్ళంటే ఎక్స్ఛేంజ్ వాళ్ళకి ఒళ్ళుమంట. ఇది ఇక్కడి గొడవ మాత్రమే కాదు. 1996 డిసెంబర్‌లో అమెరికాలో ఏఓఎల్ కంపెనీ నెలకి 19.95 డాలర్లకి ఎంతసేపైనా వాడుకోండి అంది. జనం లాగిన్ అయి వదల్లేదు, మళ్ళీ దొరకదేమోనని. మిగతావాళ్ళకి బిజీ టోన్. కంపెనీ మీద కేసులు పడ్డాయి. చూడండి, అక్కడ కోర్టుకి లాగింది లైన్ పట్టుకున్నవాణ్ణి కాదు, లైన్ ఇస్తానని ఇవ్వలేని కంపెనీని.

రోజంతా కలిపి ఉండాల్సిన అవసరం నిజంగా ఉన్నవాళ్ళకి, అంటే బ్యాంకులు, ఫ్యాక్టరీలు, పెద్ద ఆఫీసులు, వాళ్ళకి వేరే సరుకు ఉండేది, లీజ్డ్ లైన్. దీనికి డయలింగ్ ఉండదు, పల్స్ ఉండదు. దూరాన్ని బట్టి, స్పీడుని బట్టి అద్దె కడతారు, ఆ దారి మీ ఒక్కరికే కేటాయిస్తారు. కర్చీఫ్ గోల లేకుండా బస్సు మొత్తం కిరాయికి మాట్లాడుకోవడం అన్నమాట. డయల్‌అప్‌నే పట్టుకుని లీజ్డ్ లైన్‌లా వాడుకుంటే టెలిఫోన్ డిపార్ట్‌మెంట్‌కి ఆ అద్దె పోతుంది. కోపం అక్కడ కూడా ఉంది. కానీ ఒకళ్ళ ఆదాయం తగ్గడం వేరు, నేరం వేరు.

ఇప్పుడు చట్టం. మొన్నమొన్నటిదాకా మన దేశంలో ఫోన్‌కి, నెట్‌కి పెద్ద చట్టం ఏదంటే 1885 నాటి ఇండియన్ టెలిగ్రాఫ్ చట్టం. అవును, 1885! ఆ చట్టంలో ఎక్కడా "ఇంతసేపే కాల్ మాట్లాడాలి" అని లేదు. మరి ఏముంది? నాలుగో సెక్షన్ చెప్పేది ఒక్కటే: టెలిగ్రాఫ్ ఏర్పాటు చేసి నడిపే హక్కు కేంద్ర ప్రభుత్వానిది, ఇంకెవరైనా నడపాలంటే ప్రభుత్వం నుంచి లైసెన్స్ తీసుకోవాలి. టెలిగ్రాఫ్ అనే మాటలోకే ఫోన్, డేటా అన్నీ వచ్చేశాయి. లైసెన్స్ లేకుండా నడిపితే ఇరవయ్యో సెక్షన్. వైర్‌లెస్ అయితే మూడేళ్ళ దాకా జైలు. వైరు అయితే జరిమానా, ఎంతో తెలుసా? వెయ్యి రూపాయల దాకా. 1885లో వెయ్యి అంటే మాటలు కాదు లెండి.

చట్టం అడిగేది "ఎంతసేపు?" అని కాదు. "ఎవరి కోసం మోస్తున్నావు? అనుమతి ఉందా?" అని. మీ సొంత జీపులో మీ ఇంటివాళ్ళని ఎక్కించుకుని పాల్వంచ నుంచి కిన్నెరసాని డ్యామ్‌కి రోజుకి పదిసార్లు తిరగండి, పెట్రోల్ మీది, ఎవరూ ఏమీ అనరు. అదే జీపులో మనిషికింత అని తీసుకుని పాసింజర్లని ఎక్కిస్తే ఒక్క ట్రిప్పుకైనా పర్మిట్ అడుగుతారు. తేడా కిలోమీటర్లలో లేదు. నాన్నగారు తన లైన్‌లో తన కంప్యూటర్ నడుపుకున్నారు, సొంత జీపు. తమ్ముడి ప్లాన్ పాసింజర్ల జీపు.

ఇక్కడ మన ఊరి ముచ్చట ఒకటి చెప్పాలి. ఫోన్ డిపార్ట్‌మెంట్ లైన్ మీద ఆధారపడకుండా రోజంతా కలిపి ఉండే సొంత నెట్‌వర్క్ కరెంటు వాళ్ళకి ఎప్పుడో ఉంది. హైటెన్షన్ తీగల మీదే కరెంటుతో పాటు మాటలు, సిగ్నళ్ళు పంపిస్తారు. పవర్ లైన్ క్యారియర్ అంటారు. సబ్‌స్టేషన్లలో, పవర్ స్టేషన్ల స్విచ్‌యార్డుల్లో లైన్ మొదట్లో పీపా లాంటి పెద్ద కాయిల్ వేలాడుతుంటుంది, అది వేవ్ ట్రాప్. సిగ్నల్‌ని ట్రాన్స్‌ఫార్మర్ వైపు వెళ్ళనీయకుండా ఆపుతుంది. 2024 ఆగస్టులో కేటీపీఎస్ పాత కూలింగ్ టవర్లు కూల్చిన వీడియోలు చూసే ఉంటారు. ఈసారి అటు వెళ్తే ఆ కాయిళ్ళు కనిపిస్తాయేమో చూడండి. రైల్వేకీ ఇలాగే సొంత ఫోన్లు ఉన్నాయి. ప్రభుత్వం సరే అంటే నెట్‌వర్క్ ఎన్నాళ్ళైనా ఆగకుండా నడవొచ్చు. అనుమతే అసలు విషయం.

నేరం కాకపోయినా, షరతు అనేది ఇంకోటి ఉంటుంది. దీన్ని చాలామంది కలిపేస్తారు. కనెక్షన్ తీసుకునేటప్పుడు మనం సంతకం పెట్టేది, ఇప్పుడైతే చదవకుండా టిక్ కొట్టేది, అది ఒప్పందం. 1951 టెలిగ్రాఫ్ రూల్స్‌లో ఫోన్‌ని తప్పుగా వాడితే కనెక్షన్ కట్ చేసే అధికారం ఉండేది. అయితే అదీ ఇష్టారాజ్యం కాదు. ఢిల్లీలో కొందరు వ్యాపారుల ఫోన్లు సట్టా వ్యాపారానికి వాడుతున్నారని చెప్పి కట్ చేస్తే, హుకుంచంద్ శ్యాంలాల్ కేసులో సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వు చెల్లదంది. కట్ చేసే అధికారి తనంతట తాను ఆలోచించి, రూల్ ప్రకారం నడవాలి అని. సట్టా ఆడినవాళ్ళ ఫోన్‌కే అంత రక్షణ ఉంటే, మోడెం పెట్టుకున్నాయన ఎందుకు వణకాలి?

మోడెం విషయంలో మాత్రం ఒక చిక్కు ఉండేది. డిపార్ట్‌మెంట్ ఆమోదించిన పరికరమే లైన్‌కి తగిలించాలి. అమెరికాలో కూడా 1968లో కార్టర్‌ఫోన్ తీర్పు వచ్చేదాకా బయటి పరికరం తగిలించడానికి కంపెనీ ఒప్పుకునేది కాదు. మన దగ్గర 1994లో ఇంకో వింత జరిగింది. ఇంట్లో ఒక కంప్యూటర్, ఒక ఫోన్ లైన్ పెట్టుకుని బులెటిన్ బోర్డులు నడిపేవాళ్ళు ఉండేవాళ్ళు. ఇప్పటి గ్రూపులకి తాతలు అవి. చాలామంది సరదాకి, ఉచితంగా నడిపేవాళ్ళు. వాళ్ళని ఏడాదికి 15 లక్షల రూపాయల లైసెన్స్ ఫీజు కట్టమన్నారు! నా ఉద్దేశంలో "మోడెం పెడితే ఇల్లీగల్" అనే భయం జనంలోకి ఎక్కింది ఇలాంటి వాటివల్లే. ఎవరికో వేసిన ఫీజు కథ నోటినోటా తిరిగి, ఊళ్ళోకి వచ్చేసరికి కేసు కథ అయింది.

తర్వాత పరిస్థితి మారింది. 1995 ఆగస్టు 15న వీఎస్ఎన్ఎల్ మామూలు జనానికి ఇంటర్నెట్ మొదలుపెట్టింది, పెద్ద నగరాల్లో. 1998 నవంబర్‌లో ప్రైవేట్ కంపెనీలకి తలుపు తీశారు. మొదట్లో అడుగుపెట్టిన సత్యం ఇన్ఫోవే మన హైదరాబాద్ సత్యం కంప్యూటర్స్ పిల్ల కంపెనీయే, ఆఫీసు చెన్నైలో. ఊళ్ళో నోడ్ లేకపోతే ఎస్టీడీ చేసి నెట్‌కి కలవాలి, అది దివాళా మార్గం. 172తో మొదలయ్యే నంబర్లు వచ్చాక లోకల్ కాల్ రేటుకే కలిసేది. బీఎస్ఎన్ఎల్ సంచార్‌నెట్‌కి 172233, మా వయసు వాళ్ళకి ఇప్పటికీ వేళ్ళకి గుర్తు. అంటే గవర్నమెంటే ఫోన్ లైన్‌ని నెట్‌కి వాడండి అని నంబర్ ఇచ్చింది. ఇక ఆ లైన్ పట్టుకోవడం నేరం ఎలా అవుతుంది?

నెట్ సెంటర్ల రోజులు గుర్తున్నాయి. ఒక ఫోన్ లైన్, ఒక డయల్‌అప్ అకౌంట్, విన్‌గేట్ లాంటి సాఫ్ట్‌వేర్ పెట్టి నాలుగు కంప్యూటర్లకి పంచేవాళ్ళు. పొద్దున డయల్ చేస్తే రాత్రి షట్టర్ దించేదాకా వదిలేవాళ్ళు కాదు. గంటకి 24 రూపాయలు ఫోన్‌కే పోతుంది. నలుగురు కూర్చుంటే గిట్టుబాటు, ఒక్కడే కూర్చుంటే నష్టం. అందుకే ఖాళీగా ఉంటే ఓనర్ మనల్ని పిలిచి మరీ కూర్చోబెట్టేవాడు.

అప్పుడు నిజంగా ఇల్లీగల్ ఏంటో చెబితే నవ్వుతారు. నెట్‌లోంచి మాట్లాడటం! ఇంటర్నెట్ టెలిఫోనీని 2002 ఏప్రిల్ 1 దాకా మన దేశంలో అనుమతించలేదు. మీరు ఇప్పుడు వాట్సాప్‌లో విదేశంలో ఉన్న బాబాయితో అరగంట మాట్లాడతారే, అలాంటిది. లైన్ 24 గంటలు పట్టుకో, పర్వాలేదు. అందులోంచి రెండు నిమిషాలు గొంతు పంపితే మాత్రం తప్పు. ఎందుకంటే ఆ రెండు నిమిషాలు లైసెన్స్ ఉన్నవాళ్ళ ఐఎస్‌డీ వ్యాపారంలోకి చేయి పెట్టాయి.

లైన్ పట్టుకునే గొడవ చివరికి ఎలా తీరిందంటే, చట్టంతో కాదు, ఇంజనీరింగ్‌తో తీరింది. డీఎస్ఎల్ వచ్చింది. అదే రాగి తీగలో గొంతు కింది ఫ్రీక్వెన్సీల్లో, డేటా పై ఫ్రీక్వెన్సీల్లో. ఇంట్లో స్ప్లిటర్ అనే చిన్న డబ్బా రెండింటినీ విడదీస్తుంది. ఎక్స్ఛేంజ్‌కి చేరగానే డేటా పక్కదారి పట్టి వేరే పరికరంలోకి వెళ్తుంది, ఆ గొంతు దారుల జోలికే రాదు. కర్చీఫ్ వేయాల్సిన పనే లేదు, వేరే బస్సు. 2004 బ్రాడ్‌బ్యాండ్ విధానంలో బ్రాడ్‌బ్యాండ్ అంటే ఏంటో రాసుకున్నారు: "ఎప్పుడూ ఆన్‌లో ఉండే" కనెక్షన్, కనీసం 256 కేబీపీఎస్ స్పీడు. ఏది చేస్తే కేసు అని జనం భయపడ్డారో, అదే ప్రభుత్వ నిర్వచనంలో మొదటి మాట అయింది. 2005 జనవరిలో బీఎస్ఎన్ఎల్ డేటావన్ వచ్చింది. ఆ 256 తర్వాత 512 అయింది, 2023లో 2 ఎంబీపీఎస్ అయింది.

ఇప్పుడు తమ్ముడి రెండో ప్రశ్న. 1885 చట్టం స్థానంలో టెలికమ్యూనికేషన్స్ చట్టం 2023 వచ్చింది. అందులో చాలా సెక్షన్లు 2024 జూన్ 26న అమల్లోకి వచ్చాయి, శిక్షల సెక్షన్ 42 కూడా. అనుమతి లేకుండా టెలికాం సర్వీస్ ఇచ్చినా, నెట్‌వర్క్ పెట్టినా మూడేళ్ళ దాకా జైలు, లేదా 2 కోట్ల దాకా జరిమానా, లేదా రెండూ. వెయ్యి రూపాయలు ఎక్కడ, 2 కోట్లు ఎక్కడ! ప్రశ్న మాత్రం పాతదే: ఎవరి కోసం, అనుమతి ఉందా?

మీ ఇంటికొచ్చిన చుట్టాలకి వైఫై పాస్‌వర్డ్ ఇవ్వడం, ఫ్రెండ్‌కి హాట్‌స్పాట్ ఇవ్వడం, ఇవేవీ వ్యాపారం కావు. భయపడకండి. రూటర్ రాత్రింబవళ్ళు ఆన్‌లో ఉన్నా ఎవరూ అడగరు. ఎక్కువ వాడితే ప్లాన్ షరతుల ప్రకారం స్పీడు తగ్గిస్తారు, అది ఒప్పందం సంగతి. అన్యాయంగా కట్ చేశారనిపిస్తే వినియోగదారుల కమిషన్‌కి వెళ్ళొచ్చని సుప్రీంకోర్టు 2022లో తేల్చింది. కానీ ఇంటి ప్లాన్ తీసుకుని పక్క ఇళ్ళకి నెలనెలా డబ్బుకి అమ్మితే ఒప్పందం తప్పినట్టే, పైగా లైసెన్స్ లేని సర్వీస్ అనే ప్రశ్న వస్తుంది. ఇంకో ప్రమాదం కూడా ఉంది. మీ కనెక్షన్‌లోంచి పక్కింటివాళ్ళు ఏదైనా చెత్త పని చేస్తే పోలీసులకి మొదట కనిపించే పేరు మీదే.

అయితే తమ్ముడూ, దారి లేకపోలేదు. 2020 డిసెంబర్‌లో కేంద్ర క్యాబినెట్ పీఎం-వాణి అనే పథకానికి ఒప్పుకుంది. కిరాణా కొట్టు, టీ కొట్టు, ఎవరైనా పబ్లిక్ డేటా ఆఫీస్ పెట్టి వైఫై అమ్ముకోవచ్చు. పాత ఎస్టీడీ బూత్‌లా అన్నమాట. కొట్టువాడికి లైసెన్స్ అక్కర్లేదు, ఫీజు అక్కర్లేదు. వెనక ఒక అగ్రిగేటర్ సంస్థ ఉంటుంది, రిజిస్ట్రేషన్ వాళ్ళు చేసుకుంటారు, వాడేవాళ్ళ వివరాలూ లెక్కలూ వాళ్ళు చూసుకుంటారు. ముందు మీ ఫైబర్ కంపెనీని అడగండి, ఆ ప్లాన్‌ని పీఎం-వాణికి వాడనిస్తారా అని. ఇంటి ప్లాన్‌కి ఒప్పుకోకపోతే దానికి తగ్గ ప్లాన్ తీసుకోవాలి.

చివరిగా ఒక్కటి, ఇది సీరియస్. మన కుర్రాళ్ళకి ఇలాంటి ఆఫర్ రావచ్చు: "మీ రూమ్‌లో ఈ డబ్బా పెట్టుకో, నెట్ 24 గంటలు ఆన్‌లో ఉంచు, ఏమీ చేయక్కర్లేదు, నెలకింత ఇస్తాం." ఆ డబ్బాలో వరుసగా సిమ్‌లు ఉంటాయి. దాన్ని సిమ్ బాక్స్ అంటారు. విదేశాల నుంచి నెట్‌లో వచ్చిన కాల్‌ని మీ రూమ్‌లోని సిమ్ ద్వారా లోకల్ కాల్‌లా మార్చి వదులుతుంది. డిజిటల్ అరెస్ట్ అని భయపెట్టి ముసలివాళ్ళ డబ్బు లాక్కునే కాల్స్ ఇలాంటి దారిలో వస్తుంటాయి. మీరు మాట్లాడరు, డయల్ చేయరు, లైన్ ఆన్‌లో ఉంచుతారంతే. కానీ నెట్‌వర్క్ నడిపింది మీ అడ్రస్. "నాకు తెలీదు, ఖాళీ డబ్బా పెట్టమన్నారు" అంటే సరిపోదు.

మీ పేరు మీద ఎన్ని సిమ్‌లు ఉన్నాయో సంచార్ సాథీ వెబ్‌సైట్‌లో ఇప్పుడే చూసుకోండి. మన రాష్ట్రంలో ఒక మనిషికి తొమ్మిది దాకానే. మీవి కానివి కనిపిస్తే అక్కడే రిపోర్ట్ కొట్టండి. అనుమానం కాల్ వస్తే అదే సైట్‌లో చక్షు అనే చోట చెప్పండి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి. అటక మీది మోడెంని మాత్రం పాత సామాన్లవాడికి వేయకు తమ్ముడూ, నాకు ఒక ఫోటో పంపు. ఉంటాను మరి.